గుర్రం నోటి పిడికెడు

క్రిస్మస్ పండగ సెలవులు అయిపోయి జనమంతా మళ్ళీ పనుల్లో పడిన రోజుల్లో, మొన్న జనవరి మొదటి వారంలో, నా మనమరాలు నన్ను ప్రొద్దుటూరులో ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయి, చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, ఏదో స్పెషలని చెప్పి బిరియానీతో పాటు ఒక చిన్న మట్టి పిడత తెప్పించింది. మూత తీయగానే ఆ వాసన నా ముక్కుకు తగిలి ఒళ్ళు మండిపోయింది. ఉలవచారు. నల్లగా, చిక్కగా, పైన వెన్న తేలుతూ ఉంది. "తినవ్వా, చల్లారిపోతాంది" అంది ఆ పిల్ల. బడిలో టీచరు అది, మంచిది, నేనంటే ప్రాణం. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది: "పండగకు శానా ఖర్చయిపాయవ్వా. ఈ నెలంతా పొదుపు చెయ్యాల." నేను చెంచా కింద పెట్టేశాను. ఆ వాసనా ఆ మాటా రెండూ కలిసి నా మీద పడి అరవై ఏండ్లు దాటింది.

ఉలవచారు ఎక్కడ పుట్టిందో ఈ పిల్లలకు తెలియదు. అది గుర్రం కుండలో పుట్టింది. మా నాయిన దేవదానం జమ్మలమడుగులో జట్కా తోలేవాడు. బస్సు దిగిన రోగుల్ని ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి కోలుకున్నవాళ్ళను బస్సుకు, పెండ్లివాళ్ళను పల్లెలకు చేరవేయడం ఆయన పని. బస్టాండు పక్కన నాపబండలతో కట్టిన గుర్రాల తొట్టి ఒకటి ఉండేది, దాని చుట్టూ ఏడెనిమిది జట్కాలు, లద్దె వాసన, తడిసిన తోలు వాసన, బీడీల పొగ, ఒకరినొకరు తిట్టుకుంటూ బేరాలు పిలుచుకునే మొగవాళ్ళు. మా ఇల్లు ఒకే గది. ఆ గది గోడకు ఆనించి వేసిన కొట్టంలో గుర్రం ఉండేది. గోడకు ఈ పక్క పడుకుంటే ఆ పక్క అది ముక్కులు చీదడం, డెక్కతో నేల తన్నడం, కుచ్చుతోకతో దోమల్ని కొట్టుకోవడం అన్నీ వినిపించేవి, అవి వినిపించకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

దాని పేరు బిజిలీ. ఎర్ర గుర్రం, నుదుట తెల్ల మచ్చ. పులివెందులలో ఒక సాయిబు దగ్గర కొని, అక్కడినుంచి రెండు రోజులు నడిపించుకుంటూ వచ్చాడట నాయిన. దారిలో అది కాలికి ముల్లు గుచ్చుకుని కుంటితే బండలాంటి ఆ మనిషి దాని కాలు ఒళ్ళో పెట్టుకుని పళ్ళతో ముల్లు పీకాడని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. గుర్రానికి వేరే మతం పేరేందని మా క్రైస్తవ సంఘ పెద్ద యోనయ్య అడిగితే, "పేరుతో పిలిస్తే వస్తాంది, అది సాలు" అన్నాడట. అమ్మ పొద్దున్నే మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండలో ఉలవలు పోసి, అవి ఉడికి పగిలేదాకా మంట పెట్టి, ఆ నీళ్ళు వంచి మాకు చారు కాచేది. ఉడికిన ఉలవల్లో తవుడు కలిపి, మూతికి కట్టే గోనెసంచిలో పోసి బిజిలీకి కట్టేది. కుండ ఒకటే, నీళ్ళు మావి, గింజలు దానివి. అది న్యాయమైన పంపకం. ఎంత కరువులోనైనా ఆ పంపకం మారలేదు, నాకు ఎనిమిదో ఏడు వచ్చిన క్రిస్మస్ దాకా.

క్రిస్మస్ అంటే మాకు ఏడాదికి ఒకే ఒక్క పండగ, అందుకని దాన్ని పిచ్చిగా చేసేవాళ్ళం. నెల ముందు నుంచే గోడలకు సున్నం, అరుగులకు ఎర్రమన్ను, వెదురు దబ్బలతో నక్షత్రం కట్టి రంగు కాగితాలు అంటించడం, చలిలో వణుకుతూ కంజర కొట్టుకుంటూ తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడడం, పాడిన ప్రతి ఇంట్లోనూ బెల్లం కాఫీ తాగడం. నాయిన ప్రొద్దుటూరు పోయి తనకు తెల్ల చొక్కా గుడ్డ, అమ్మకు పచ్చ చీర, నాకు పువ్వుల గౌను గుడ్డ తెచ్చేవాడు. అరిసెలు, నిప్పట్లు, కారాలు ఇల్లంతా గంపల్లో ఉండేవి. పండగనాడు పొట్టేలు చియ్యల కూర, తెల్లన్నం. బిజిలీకి కూడా ఆరోజు ఉలవల్లో బెల్లం, మెడలో కాగితం పూల దండ. ఆరాధన అయిపోయాక వాడలోని పిల్లలందరినీ జట్కాలో కుక్కి పెన్నేటి ఇసుక దాకా ఊరికే తిప్పి తెచ్చేవాడు నాయిన. ఆ రోజు చెర్నాకోల ఇంట్లోనే పెట్టి పోయేవాడు.

ఆ ఏడు ఆరాధనలో కానుకల వేళ యోనయ్య లేచి నిలబడి, ఎవరెవరు గుడికి ఏమిస్తారో పేరుపేరునా అడగడం మొదలుపెట్టాడు. భూమి ఉన్నవాళ్ళు జొన్నల బస్తా అన్నారు, గొర్రెలున్నవాళ్ళు పొట్టేలన్నారు. మొగవాళ్ళ పక్క చాప మీద కొత్త తెల్ల చొక్కాలో కూర్చున్న మా నాయిన దగ్గరికి వచ్చి ఆగి, "ఏం దేవదానం, నీకేముండాదిలే, నిన్నడగనులే" అని నవ్వాడు. ఆ నవ్వే మా కొంప ముంచింది. నాయిన లేచి, "గుడికి గోడ గడియారం ఇస్తా. ఈస్టరుకు ఈడ గంటలు కొడ్తాది" అన్నాడు. గుడంతా హల్లెలూయ అంది. ఆడవాళ్ళ పక్క అమ్మ తల మీది కొంగు ముఖం మీదికి లాక్కుంది. గడియారం చూసి గంట చెప్పడం కూడా రాని మనిషి గడియారం ఇస్తానన్నాడు. బస్సులు ఎప్పుడొస్తాయో నీడను చూసి చెప్పగలిగినవాడికి గడియారమెందుకు? కానీ ఒకడు నవ్వాడు, ఇతను పౌరుషపడ్డాడు. మా సీమ మొగవాళ్ళ పౌరుషం గొప్పదని చెప్పుకుంటారు. దాని ఖర్చు ఎవరు భరిస్తారో మాత్రం చెప్పుకోరు.

కొత్త సంవత్సరం దాటిన మర్నాడే ఇంట్లో పొదుపు మొదలైంది. మిగిలిన అరిసెల గంప ఉట్టెక్కింది. తెల్లన్నం ఆదివారానికి పోయింది, తక్కిన రోజులు కొర్రన్నం, లేకపోతే జొన్న సంగటి. సబ్బు మానేసి చౌడుమన్నుతో బట్టలు ఉతికేది అమ్మ. అగ్గిపెట్టె కొనకుండా పిడక ముక్క పట్టుకుని పొరుగింటికి నన్ను నిప్పుకు పంపేది. చింతపండు కొనడం మానేసి, తెల్లవారకముందే నన్ను లేపుకుని ఊరి బయటి నల్లరేగడి శనగచేలకు పోయి, పాత గుడ్డ ఒకటి మొక్కల మీద పరిచి మంచుకు తడవనిచ్చి, ఆ పుల్లటి తడిని చెంబులోకి పిండేది. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, ఆ పులుపుకు చేతుల మీది పగుళ్ళు భగ్గుమనేవి, అయినా ఆకుల మీది నీళ్ళు నాకుతూ శనగమొక్కల పచ్చికాయలు ఒలుచుకుంటూ నేను ఆనందంగానే ఉండేదాన్ని. ఆ పులుసు రుచి ఈరోజుకీ నా నాలుక మీద ఉంది. మనుషులం కడుపు కట్టుకుంటే దానికొక అర్థం ఉంది. మాట ఇచ్చింది మనం. నోరున్నవాళ్ళం, వద్దనగలిగినవాళ్ళం. అమ్మ అనలేదు, అది వేరే సంగతి.

అదీ చాలలేదు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది, ఇప్పటికీ ఉంది: ఎసరు పెట్టిన ప్రతిసారీ వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి, ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. లేనివాళ్ళ కానుక అది, మంచి ఆచారమే. ఒకరోజు పొద్దున అమ్మ అలా పిడికెడు కొర్రలు తీస్తుంటే చూస్తూ కూర్చున్న నాయిన, కుండలో పోయబోయే ఉలవల వైపు తిరిగి, "మనం ఇస్తాండాం. బిజిలీ ఎందుకియ్యగూడదు? అదీ దేవుని సృష్టేగదా" అన్నాడు.

"దానికేం తెల్సు దేవుడు? పనిజేసే పశువు నోటికాడ తీస్తే మంచిదిగాదు" అంది అమ్మ.

"తెల్సినా తెలీకపోయినా పుణ్యం పుణ్యమే. రూతమ్మా, నువ్వు తియ్యి. నీ పిడికిలి శిన్నది, దానికి తెలీను గూడా తెలీదు."

అదే ఆయన దయ. తన చెయ్యి పెద్దదని, గుర్రానికి ఎక్కువ నష్టమవుతుందని, నా చెయ్యి ఎంచుకున్నాడు. రెండు పూటలా నేను ఉలవల్లో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, బిజిలీ కానుక తీసుకో" అని ప్రార్థన చేసి, పిడికెడు తీసి కొత్త కుండలో వేసేదాన్ని. వారానికోసారి ఆ ఉలవల్ని నాయిన పక్క జట్కా అతనికి అమ్మి, ఆ దుడ్లు గడియారానికని మూట కట్టేవాడు. మా బిజిలీ నోటిది తిని అతని గుర్రం నిగనిగలాడింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. మొదటి వారం కుండ చూసి నాయిన నా తల నిమిరి "నా బిడ్డ శెయ్యి బంగారం" అన్నాడు. ఆ మాట మళ్ళీ వినాలని నేను ఒక్కో పూట రెండు పిడికెళ్ళు తీసేదాన్ని. ఒక్కోసారి మూడు. ఎవరూ చెప్పలేదు, నేనే తీశాను.

నీళ్ళ పంపకంలో కూడా దానికే నష్టం. ఒకసారి వంచిన ఉలవల్లో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి ఉడికించి మర్నాటి చారు కూడా అందులోంచే తీయడం మొదలైంది, గుర్రానికి పిప్పి మిగిలింది. తవుడు సగమైంది. లాడాలు మరీ అన్యాయం. అంతకుముందు నెలకోసారి ప్రొద్దుటూరు బేరం చూసుకుని పోయి దస్తగిరి మామ దగ్గర లాడాలు కొట్టించుకొచ్చేవాడు నాయిన. ఆ జనవరీ పోయింది, ఫిబ్రవరీ పోయింది, "ఇంగా ఉండాయిలే" అంటూ జరిపాడు. మాఘం దాటేసరికి బిజిలీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఆకలికి కొట్టంలో కట్టేసిన గుంజను కొరికేది, పొద్దున లేచి చూస్తే గుంజ చుట్టూ చెక్కపొట్టు. ఖాళీ సంచి మూతికి ఉండగానే తల విదిలించి విదిలించి అడుగు నాకేది. నేను దగ్గరికి పోతే నా చేతులు నాకేది. ఉలవల వాసన కదా. దానికి ప్రేమని నేను అనుకున్నాను.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దానికి ముందు రోజు శనివారం గడియారం కొనడానికి ప్రొద్దుటూరు బయల్దేరాం, నాయినా నేనూ. వేపపూత రాలుతున్న రోజులు, పొద్దెక్కకముందే ఎండ చురుక్కుమంటోంది. కూడబెట్టింది చాలక, తక్కువైంది తాను వేస్తానని యోనయ్య కొట్టువాడికి ముందే కబురు పెట్టాడు. పొడుగాటి అద్దం, లోపల ఇత్తడి గుండు ఊగుతూ ఉన్న గడియారాన్ని అమ్మ పచ్చ చీరలో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. తిరుగు దారిలో ధాన్యం మండీ దగ్గర చింతచెట్టు కింద, కొలిమి పక్కన కూర్చున్న దస్తగిరి మామ మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న సన్నటి ముసలాయన. ఏమీ అడక్కుండా బిజిలీ ముందు కాలు ఎత్తి చూశాడు.

"ఏం దేవదానం, గుర్రమా ఇది, దండెమా? బట్టలారేస్తాండావా దీని మీద?"

"పండగ ఖర్చులు మామా. ఈస్టరు కానీ, కొట్టిస్తా."

"లాడాలు రేకులైపోయినాయి. నున్నగా అద్దం మాదిరుండాయి. బండ మీద కాలు పెడ్తే యాడ నిలుస్తాది? ఇప్పు బండి. నువ్వు దుడ్లియ్యొద్దు, నేనే కొడ్తా."

"పొద్దు పోతాంది మామా. మళ్ళొస్తా."

"ఆ మూటలో ఏముండాది పాపా?" అని నన్ను అడిగాడు. గుడికి గడియారమని, బిజిలీ కూడా కానుక ఇచ్చిందని గొప్పగా చెప్పాను. పిడికెళ్ళ సంగతి కూడా చెప్పాను. ఆయన నాయిన ముఖంలోకి చూసి, "గుర్రం కడుపు కొట్టి తెమ్మని మీ దేవుడడిగినాడా? మా దేవుడైతే అడగడప్పా" అన్నాడు. నాయిన పౌరుషానికి మళ్ళీ తగిలింది. పగ్గాలు జాడించాడు. ఊరికే కొట్టిస్తానన్న లాడాలు వద్దని పోయిన మనిషి ఈ భూమ్మీద మా నాయిన ఒక్కడే అయ్యుంటాడు.

జమ్మలమడుగు ఇంకా నాలుగైదు మైళ్ళుందనగా దారిలో వంక, వంక మీద నాపబండలు పరిచిన చప్టా. ఏండ్ల తరబడి బండ్లు తిరిగి తిరిగి ఆ బండలు నున్నగా మెరిసేవి. దిగుడులో బండి బరువు వెనకనుంచి తోసింది. బిజిలీ ముందరి కాళ్ళు రెండూ ఒకేసారి జారాయి. మోకాళ్ళ మీద పడింది, లేవబోయి మళ్ళీ జారి, ఒక కాలు కింద మడతపడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. నేను మూటతో సహా ముందుకు పడి మా నాయిన వీపుకు గుద్దుకున్నాను. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"గడియారం పగిలిందేమో సూడు!"

నేను చీర విప్పి చెవి పెట్టి విని, "పగల్లేదు నాయినా, కొట్టుకుంటాంది" అన్నాను. ముందు ఆ జవాబు చెప్పి, తరువాతే గుర్రం వైపు చూశాను. ఆయన్ని నేను ఎంత తిట్టుకున్నా, ఆ జవాబు నాదే.

ఆ తరువాత ఆయన దాని తల ఒళ్ళో పెట్టుకుని చప్టా మీదే కూర్చున్నాడు. బండి విప్పారు, దారిన పోయేవాళ్ళు నలుగురూ పట్టి దాన్ని తుమ్మచెట్టు నీడకు లాగారు, నన్ను ఎవరి ఎద్దులబండిలోనో ఇల్లు చేర్చారు. మర్నాడు మట్టలాదివారం నాయిన గుడికి రాలేదు. కబురు తెలిసి దస్తగిరి మామ బస్సులో వచ్చి, కాలు తడిమి, తల అడ్డంగా తిప్పి, తెచ్చిన బెల్లం దాని నోట్లో పెట్టి పోయాడట. ఆ మధ్యాహ్నమే అది పోయింది. అమ్మ కుండలో మిగిలిన ఉలవలన్నీ ఉడికించి, నీళ్ళు వంచకుండా, బెల్లం కలిపి ఆ ఎండలో నడిచి తీసుకుపోయింది. ఆమె చేరేసరికి తినడానికి అది లేదు.

ఈస్టరునాడు గడియారం గుడి గోడకెక్కి ఠంగుఠంగున కొట్టింది. దాని కింద నల్ల చెక్క మీద తెల్ల రంగుతో ఏదో రాయించి బిగించారు. "రాయించినా దేవదానం, సూడు" అన్నాడు యోనయ్య. నాయిన చూశాడు, చెక్క తడిమాడు. గుర్రం లేక జట్కా అమ్మేసి, ఆయన నాపరాయి గనులకు కూలికి పోయాడు, నేను అక్షరాలు పట్టుబడకముందే బడి మానేసి ఆయన వెంట రాళ్ళు మోయడానికి పోయాను. ఏ బండ మీద మా గుర్రం జారిందో ఆ బండలే కొట్టి బతికాం. బతికినంతకాలం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఆ చెక్క ముందు కాసేపు నిలబడి, "నా పేరు గుళ్ళో ఉండాది రూతమ్మా" అనేవాడు.

నాకు పెండ్లయి పులివెందులకు పోయాను, పిల్లలు, పిల్లల పెండ్లిండ్లు, మొగుడు పోవడం, అన్నీ అయ్యాక యాభై దాటిన వయసులో మా వాడలో పెద్దవాళ్ళకు సాయంత్రాలు బడి పెడితే పలక పట్టాను. గుణింతాలు కుదిరాక జమ్మలమడుగు పోయినప్పుడు గుళ్ళోకి పోయి, కొంగుతో చెక్క తుడిచి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. దేవుని మహిమ కొరకు ఈ గడియారము ఇచ్చినవారు, సంఘ పెద్ద యోనయ్య గారు, అని ఉంది. మూడుసార్లు చదివాను. నాకే చదవడం సరిగా రాలేదేమో అనుకున్నాను. తక్కువైన నాలుగు దుడ్లు వేసినవాడు పేరంతా తినేశాడు. వాడు తిన్నాడు సరే, ఆ గుళ్ళో చదువొచ్చినవాళ్ళు పదిమందైనా ఉండేవాళ్ళు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా నాయినకు చెప్పలేదు. చెక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ముప్పై ఏండ్లు చూస్తూ ఊరుకున్నారు. ఆయన తెలియకుండానే పోయాడు. మేలే అయిందంటారు కొందరు. ఏం మేలు?

కానీ అక్కడే నిలబడి ఆలోచిస్తే నా కోపం ఇంకో వైపు తిరిగింది. ఆ చెక్క మీద దేవదానం అని ఉన్నా అది అబద్ధమే అయ్యేది. నాయిన ఏమిచ్చాడు? మాటిచ్చాడు. ఆదివారం బడిపిల్లల బల్ల మీదినుంచి సుద్దముక్క తీసుకుని, చెక్క కింద ఖాళీ గోడ మీద, వంకరటింకరగా, పంతులమ్మ చెప్పకుండా నేనే సొంతంగా రాసిన మొదటి మాట రాశాను. పాస్టరుగారి భార్య, కొత్తగా వచ్చిన చిన్నపిల్ల, వెనకనుంచి చూసి అడిగింది.

"ఎవురు పెద్దమ్మా, బిజిలీ?"

"గడియారం ఇచ్చినామె."

"మన సంఘస్తురాలేనా?"

"పిడికెడు ఒక్క పూట తప్పలేదు" అన్నాను.

ఆ తరువాతి క్రిస్మస్‌కు గోడలకు సున్నం కొట్టినప్పుడు అది పోయింది. ఇప్పుడు ఆ గుడే లేదు, పడగొట్టి మేడ కట్టారు, గోడ మీద ప్లాస్టిక్ గడియారం ఉంది. గుర్రాల తొట్టి ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి. చప్టా మీద వంతెన వచ్చింది. జట్కాలు లేవు, లాడాలు కొట్టే కొలిమి లేదు, శనగచేలో గుడ్డ పరిచే ఆడది లేదు. వీటికి నేను ఏడవను. పోయినవి పోనీ. పొదుపు మాత్రం పోలేదు, అదే నా మంట. పండగ పెద్దలది, పొదుపు నోరు లేనివాళ్ళది. ఇప్పుడు కూడా ఏ ఇంట్లో అయినా ఖర్చు మితిమీరితే ముందు పాలు మానిపించేది పనిమనిషి కాఫీకి.

హోటల్లో నేను తినకపోయేసరికి నా మనమరాలు నొచ్చుకుని, బాగాలేదేమో అని పనివాణ్ణి పిలిచింది. పాతికేళ్ళవాడు, మన పక్క పిల్లోడే, "ఏమ్మా, ఉప్పు తక్కువైందా?" అన్నాడు. అంతా బాగానే ఉందని చెప్పి, నాకు తెలియాల్సింది అడిగాను.

"రసం తీసినాక ఆ ఉలవలేం జేస్తారప్పా?"

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు, మళ్ళీ అడిగాను.

"ఏం జేస్తాం అవ్వా, బక్కెట్లకు బక్కెట్లు, దినామూ సైడు కాలవలో పారబోస్తాం" అన్నాడు. నా ముఖం చూసి, తానేం తప్పు చెప్పాడో తెలియక, నచ్చజెప్పబోయాడు. "వాటినెవురు తింటారవ్వా?"